కరిగిన బంగారం, మిగిలిన కాగితం

సొమ్ముల కథ: తొమ్మిదో భాగం

1649 జనవరిలో ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ తల నరికారు. తరవాతి వంతు ఆయన కిరీటానిది. పార్లమెంటు ఆజ్ఞ మీద రాజచిహ్నాలను విరగ్గొట్టారు. రాళ్ళు ఊడబెరికి విడివిడిగా అమ్మేశారు. బంగారాన్ని కరిగించి నాణేలు ముద్రించారు. వందల ఏళ్ళుగా పోగుపడ్డ ఆ సంపదలో మిగిలినవి పన్నెండో శతాబ్దం నాటి చెంచా ఒకటి, కత్తులు మూడు.

పోయిన భాగంలో పదహారో శతాబ్దపు యూరప్ రాజులూ రాణులూ నగలకు ఎంత తగలేశారో చూశాం. మరి ఆ నగలన్నీ ఇప్పుడెక్కడున్నాయి? చాలా మటుకు మూసలోకి పోయాయి. అందుకు తిరుగుబాటే రానక్కర్లేదు, యుద్ధానికి డబ్బు చాలకపోయినా చాలు. 1689లో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ వెర్సాయ్ రాజభవనంలోని వెండి బల్లలనూ పీటలనూ టంకశాలకు పంపి కరిగించాడు. అప్పులు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు, అన్నదమ్ముల పంపకాలు సరేసరి. వీటన్నిటినీ మించింది ఫ్యాషన్. మన ఇళ్ళలో అమ్మమ్మ కాసులపేరు అమ్మకు చంద్రహారమై, మనవరాలికి గాజులై మారినట్టే అక్కడా జరిగింది. బంగారం ఎక్కడికీ పోలేదు, దాని మీద కంసాలి పడ్డ శ్రమ మాత్రం ఆనవాలు లేకుండా పోయింది.

అందుకే ఆ కాలపు అసలైన నగ ఇవాళ కంటికి కనబడిందంటే, చాలాసార్లు అది మనిషి చేతికి అందని చోట పడి ఉన్నదే. 1588లో స్పెయిన్ ఆర్మడాకు చెందిన జిరోనా అనే ఓడ ఐర్లండు ఉత్తర తీరంలో రాళ్ళకు కొట్టుకుని మునిగింది. 1967లో బెల్జియం గజ ఈతగాడు రొబేర్ స్టెనుయి సముద్రం అడుగున దాన్ని కనిపెట్టాడు. అందులో దొరికిన, కెంపులు తాపిన చిన్న బంగారు బల్లి పతకం ఇప్పుడు బెల్‌ఫాస్ట్ మ్యూజియంలో ఉంది. 1912లో లండన్ చీప్‌సైడ్ వీధిలో పాత కట్టడాన్ని పడగొడుతున్న కూలీలకు నేలమాళిగ అడుగున సుమారు 500 నగలూ రాళ్ళూ ఒక్కచోట దొరికాయి. పదిహేడో శతాబ్దంలో ఎవరో పాతిపెట్టి, మళ్ళీ తీసుకోలేకపోయిన సరుకది. ఓడ మునగకపోయినా, ఆ పాతిపెట్టినవాడు తిరిగొచ్చినా, ఈ రెండు నిధులూ మనదాకా వచ్చేవి కావు.

ఇలాంటి అదృష్టాలను పక్కనపెడితే, ఆనాటి నగల గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి రాజకుటుంబాల చిత్తరువులు. వాటిలో నగ మెడలోనే ఉంటుంది గనక ముందువైపే కనబడుతుంది. రెండోది, నగలు చేసేవాళ్ళు నగలు చేసేవాళ్ళ కోసమే అచ్చువేసుకున్న నమూనా బొమ్మలు. ఈ భాగం వాటి గురించే.

కొలిమి పక్కన పుట్టిన అచ్చు

రాగి రేకు మీద సన్న ఉలితో గీతలు చెక్కుతారు. గీతల్లో సిరా కూరి, పైభాగం శుభ్రంగా తుడిచేస్తారు. మీద తడి కాగితం పరిచి రెండు రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే, గీతల్లోని సిరా కాగితం పీల్చుకుంటుంది. ఈ విద్య పదిహేనో శతాబ్దం మొదటి సగంలో జర్మన్ ప్రాంతాల్లో, రైన్ నది పరిసరాల్లో బయల్దేరింది. సంవత్సరం వేసి ఉన్నవాటిలో అతి పాత అచ్చుబొమ్మ 1446 నాటిది. పళ్ళేల మీద, గిన్నెల మీద, ఉంగరపు ముద్రల మీద పొద్దస్తమానం ఉలితో గీతలు చెక్కుతూ బతికేవాళ్ళు కంసాలులే. చెక్కిన పని ఎలా వచ్చిందో చూసుకోవడానికి గీతల్లో మసి రాసి కాగితానికి అద్దడం వాళ్ళకు తోచిందంటే వింత లేదు.

పదహారో శతాబ్దపు ఇటలీ రచయిత వసారి ఈ ఘనతను ఫ్లోరెన్స్ కంసాలి మాసో ఫినిగ్వెర్రాకు కట్టబెట్టాడు. ఫినిగ్వెర్రా వెండి రేకు మీద బొమ్మ చెక్కి, వెండి, రాగి, సీసం, గంధకం కలిపి వండిన నల్లటి ముద్దను ఆ గీతల్లో కరిగించి నింపేవాడు. నలుపు నింపేముందు చెక్కడాన్ని పరీక్షించుకుంటూ ఉండగా అచ్చు పుట్టిందని వసారి కథ. వసారికి ఫ్లోరెన్స్ మీద ఉన్న ప్రేమ తేదీల మీద లేదు. జర్మన్ అచ్చులు అంతకన్నా పాతవని ఇప్పుడు అందరికీ తెలుసు. అయితే ఊరు తప్పు చెప్పినా, కులవృత్తి మాత్రం ఆయన సరిగ్గానే చెప్పాడు.

తొలితరం అచ్చుబొమ్మల పనివాళ్ళ వంశాలు తిరగేస్తే కొలిమి పొగే కనబడుతుంది. ఇస్రాయెల్ వాన్ మెకెనెమ్ స్వయంగా కంసాలి. కోల్మార్‌కు చెందిన మార్టిన్ షోన్‌గావర్ కంసాలి కొడుకు. ఈయన చెక్కిన ధూపపాత్ర బొమ్మ చూస్తే, గొలుసు వంకీలతో సహా, ఎదురుగా పెట్టుకుని వెండిలో చేసెయ్యొచ్చు అనిపిస్తుంది. ఆల్‌బ్రెష్ట్ డ్యూరర్ తండ్రి హంగరీ నుంచి న్యూరెంబర్గ్‌కు వలస వచ్చిన కంసాలి. కొడుకు చిత్రకారుడి దగ్గర శిష్యరికానికి పోకముందు తండ్రి దుకాణంలోనే ఉలి పట్టాడు. డ్యూరర్ గీతలో తడబాటు ఎందుకుండదో చిత్రకళా విమర్శకులు పేజీలకు పేజీలు రాశారు. నాకైతే సగం జవాబు ఆ దుకాణంలోనే ఉందనిపిస్తుంది. బంగారం మీద ఉలి జారితే తండ్రి ఊరుకుంటాడా?

పుస్తకాల అచ్చు సంగతీ ఇంతే. గూటెన్‌బర్గ్ స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న రోజుల్లో, 1439లో, ఒక దావా నడిచింది. అందులో హాన్స్ డ్యూనె అనే కంసాలి, అచ్చుకు సంబంధించిన పని మీద తాను సుమారు 100 గిల్డర్లు సంపాదించానని సాక్ష్యం చెప్పాడు.

న్యూరెంబర్గ్ నగరం ఈ రెండు చేతిపనుల చుట్టరికాన్ని ఏకంగా పరీక్షలోనే పెట్టింది. అక్కడ సొంతంగా దుకాణం తెరవాలనుకునే కంసాలి మూడు వస్తువులు చేసి పెద్దలకు చూపించాలని 1531లో నియమం వచ్చింది: పూవు ఆకారపు వెండి పానపాత్ర, రాయి తాపిన బంగారు ఉంగరం, చెక్కిన ముద్ర. ముద్ర చెక్కగలిగినవాడు రాగి రేకూ చెక్కగలడు. అంటే ఆ ఊళ్ళో పరీక్ష నెగ్గిన ప్రతి కంసాలికీ అచ్చుబొమ్మలు చేసే చెయ్యి ఉన్నట్టే.

చెయ్యి ఉంది సరే, కాగితం మీద నమూనాలు వేసి అమ్మడం ఎందుకు? తన నమూనా పక్కవాడికి చేరడం కంసాలికి నష్టం కాదా? ఇక్కడ ఆనాటి బేరాల తీరు గుర్తుంచుకోవాలి. పెద్ద నగ ఏదైనా ముందుగా పురమాయిస్తేనే చేసేవారు. బంగారం, రాళ్ళు చాలాసార్లు గిరాకీవే. కంసాలికి దక్కేది మజూరీ. నగ చేతులు మారిన మరుక్షణం అతని దగ్గర ఏమీ మిగలదు. నమూనా బొమ్మలు అతని పేరును ఊరూరా తిప్పేవి. చిన్న పట్నాల్లోని కంసాలులకు, రాజధానిలో ఏం నడుస్తోందో ఇంట్లో కూర్చుని తెలుసుకోవడానికి అవే దారి. గిరాకీ ముందు పరచి, ‘ఇందులో ఏది కావాలో చెప్పండి’ అనడానికీ పనికొచ్చేవి. మన నగల దుకాణాల్లో మొన్న మొన్నటిదాకా ఉన్న డిజైన్ల బుక్కు తాతముత్తాతలు ఇవే.

చాలా నమూనాల్లో ఒక తమాషా ఉంటుంది. పతకానికి నిలువునా మధ్యలో గీత ఉందనుకోండి. ఎడమ సగం ఒక రకంగా, కుడి సగం ఇంకో రకంగా ఉంటాయి. అలాంటి నగను ఎవరూ ధరించరు. ఒకే రేకు మీద రెండు నమూనాలు ఇరికించడానికి అలా చేశారు. నచ్చిన సగాన్ని ఎంచుకుని రెండో పక్కకు తిప్పి గీసుకోవడం పనివాడి వంతు. రాగి రేకు ఖరీదు ఎక్కువ, కొనేవాళ్ళు ధనవంతులేమీ కారు.

ఇంత గిరాకీ ఉన్న కాగితాలు ఇవాళ ఎందుకింత అరుదు అంటే, వాటిని వాడారు గనకే. గోడకు మేకు కొట్టి తగిలించారు. సూదితో చిల్లులు పొడిచి, మసి అద్ది, రేకు మీదికి నమూనా దించుకున్నారు. చిరిగితే పారేశారు. ఈ రోజు మ్యూజియాల్లో ఉన్నవి చాలా మటుకు ఏ పనివాడి చేతిలోనూ పడకుండా, సేకరించే సరదా ఉన్నవాళ్ళ పెట్టెల్లోకి నేరుగా పోయినవి.

దెలోన్ కిటికీ

ఈ అచ్చుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది నగ బొమ్మే కాదు. 1576లో ఎతియెన్ దెలోన్ చెక్కిన కంసాలి దుకాణం బొమ్మ అది. నిలువెత్తు కాగితం అనుకునేరు, అరచేతిలో ఇమిడిపోతుంది. గది, గదికి వెలుగిచ్చే కిటికీ, బల్ల చుట్టూ కూర్చుని తల వంచుకుని పనిచేసుకుంటున్న మనుషులు. ఒక పక్క కొలిమి. ఒకడు తీగ లాగుతున్నాడు. గోడ నిండా వరసలు వరసలుగా ఆకురాళ్ళు, పటకార్లు, సుత్తులు, ఉలులు. ఒక్కొక్కటీ వెంట్రుకంత గీతల్లో ఉన్నా ఏది ఏదో గుర్తుపట్టొచ్చు. మన పాత కంసాలి ఎవరైనా ఈ బొమ్మ చూస్తే, నేల మీద కాక బల్ల దగ్గర కూర్చోవడం ఒక్కటీ కొత్తగా తోస్తుందేమో గానీ పనిముట్లన్నీ పేర్లు పెట్టి చెప్పేస్తాడు.

దెలోన్ ఫ్రెంచివాడు. 1552లో రెండో హెన్రీ రాజు కింద పారిస్ టంకశాలలో పతకాల అచ్చులు చెక్కాడు. రాజు ఉత్సవాల్లో తొడుక్కునే ఉక్కు కవచాలకు ఆయన వేసిన నమూనాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆయన ప్రొటెస్టెంటు. 1572 ఆగస్టులో పారిస్‌లో ప్రొటెస్టెంట్ల ఊచకోత జరిగాక ఊరు విడిచాడు. స్ట్రాస్‌బర్గ్ చేరాడు, అక్కణ్ణుంచి ఆగ్స్‌బర్గ్ వెళ్ళాడు. దుకాణం బొమ్మ చెక్కింది ఆగ్స్‌బర్గ్‌లోనే. వయసు యాభై దాటింది, రాజాశ్రయం పోయింది, పరాయి ఊరు. బొమ్మలో ఆ దిగులు పిసరంత కూడా లేదు. గోడమీది సుత్తులు చక్కగా వరసలో ఉన్నాయి.

దెలోన్ ఒక్కడి కథ కాదిది. ఆ శతాబ్దంలో నమూనాలు అంత దూరం పాకడానికి వర్తకం ఎంత కారణమో మతకలహాలూ అంతే కారణం. ఎరాస్మస్ హార్నిక్ ఆంట్‌వెర్ప్‌లో పుట్టి ఆగ్స్‌బర్గ్‌కు, న్యూరెంబర్గ్‌కు వెళ్ళాడు. 1562లో, 1565లో పతకాల నమూనాలు అచ్చువేశాడు. చిన్న గుడి గూటి లాంటి చట్రం, అందులో నిలబడ్డ బొమ్మలు, అంచుల్లో రాళ్ళు, కింద వేలాడే ముత్యాలు ఆయన ముద్ర. చివరికి ప్రాగ్‌లో రెండో రుడాల్ఫ్ చక్రవర్తి ఆస్థాన కంసాలి అయ్యాడు.

లియెజ్ ఊరి కంసాలి తెయొడోర్ డి బ్రై ఆంట్‌వెర్ప్ మీదుగా ఫ్రాంక్‌ఫర్ట్ చేరాడు. కత్తిపిడులకూ పళ్ళేలకూ అంచు నమూనాలు చెక్కిన ఈయనే, 1590 నుంచి అమెరికా ఖండపు యాత్రల పుస్తకాలను బొమ్మలతో వేసి ప్రసిద్ధుడయ్యాడు. 1594లో వచ్చిన భాగంలో ఒక బొమ్మ ఉంది: బంగారం కోసం తమను చంపుకుతిన్న స్పెయిన్ వాళ్ళను అక్కడి ఆదివాసులు పట్టుకుని, కరిగిన బంగారాన్ని నోట్లో పోస్తున్నారు. కరిగిన బంగారం ఎలా జారుతుందో తెలిసిన చెయ్యి చెక్కిన బొమ్మ అది.

అచ్చుకు ఎక్కని గొప్ప నమూనాలూ ఉన్నాయి. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ ఆస్థాన చిత్రకారుడు హాన్స్ హోల్‌బైన్ వేసిన నగల నమూనాల పుస్తకం బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. హెన్రీ, ఆయన మూడో భార్య జేన్ పేర్లలోని మొదటి అక్షరాలను పెనవేసి, రాళ్ళు పొదిగి, ముత్యాలు వేలాడదీసిన పతకం కూడా ఆయన గీసినదే. హోల్‌బైన్ 1543లో పోయాడు. దాదాపు నూరేళ్ళ తరవాత అరుండెల్ ప్రభువు తన సేకరణలోని హోల్‌బైన్ బొమ్మలను చూపించబట్టి, ప్రాగ్ నుంచి వచ్చిన వెన్సెస్లాస్ హోలార్ వాటిలో కొన్నిటిని రాగి రేకుకెక్కించి అచ్చువేశాడు. ఇంతకీ చీప్‌సైడ్ నిధి గురించి పైన చెప్పాను కదా, దాన్ని 1640 తరవాతే పాతిపెట్టారని తేల్చింది అందులోని ఒక ముద్ర రాయి. దాని మీదున్న కులచిహ్నం ఈ అరుండెల్ చిన్న కొడుకు స్టాఫర్డ్ ప్రభువుది.

ఆంట్‌వెర్ప్ సముద్రపు జంతువులు

1581లో ఆంట్‌వెర్ప్‌లో ఫిలిప్స్ గాలె అనే ప్రచురణకర్త ఒక చిన్న సంపుటి వేశాడు. ఏ దేశపు పనివాడికైనా తెలిసేట్టు పేరు లాటిన్‌లో పెట్టాడు. లోపల ఉన్నవి హాన్స్ కొల్లార్ట్ గీసిన పతకాలు, చెవి నగలు. అప్పటికి ఏడాది కిందటే కొల్లార్ట్ చనిపోయాడు. మరుసటేడు రెండో సంపుటి వచ్చింది.

ఈ పతకాల్లో సముద్రమంతా ఉంది. పొలుసుల వీపు, మెలి తిరిగిన తోక, తెరిచిన నోరు ఉన్న జలరాక్షసులు. వాటి వీపు మీద వాలి కూర్చున్న దేవతలు. కింద పడవలా సాగిన గొలుసుల చివర బొట్టు బొట్టుగా ముత్యాలు. రాళ్ళేమో జంతువు పొట్ట మీద, రెక్క మొదట్లో, మెడలో. ఇందులో కంసాలి తెలివి చూడాలి. ఆ రోజుల్లో గుండ్రంగా లేని వంకర ముత్యాలు బోలెడు వచ్చేవి. హారానికి పనికిరాని ఆ వంకర ముత్యం ఈ పతకంలో మత్స్యపురుషుడి రొమ్ము అవుతుంది, లేదా హంస పొట్ట అవుతుంది. చుట్టూ బంగారంతో తలా చేతులూ తోకా చేసి, రంగురంగుల గాజుపొడి కరిగించి మీనా పని చేసేవారు. అచ్చుబొమ్మలో రంగు లేదు, ఆ భాగం పనివాడి ఊహకే వదిలేశారు. రంగులతో సహా చూడాలంటే 1550లలో హాన్స్ మీలిష్ అనే మ్యూనిక్ చిత్రకారుడు బవేరియా డచెస్‌గారి నగలన్నిటినీ ఒక్కొక్కటిగా రంగుల్లో వేసిన పుస్తకం తెరవాలి. ఆ నగలూ చాలా వరకు ఇప్పుడు లేవు.

సముద్రమే ఎందుకు? ఆంట్‌వెర్ప్ ఆనాటి పెద్ద రేవు. ముత్యాలూ వజ్రాలూ ఓడల మీదే దిగేవి. ఓడ మీద వచ్చిన డబ్బుతో ఓడను మింగే జంతువు పతకాన్ని భార్య మెడలో వేసిన వర్తకుణ్ణి ఊహించుకోండి. కానీ కొల్లార్ట్ సంపుటి వచ్చేనాటికే ఆ వైభవానికి చెద పట్టింది. 1576లో జీతాలు అందని స్పెయిన్ సైనికులు ఊరిని దోచి తగలబెట్టారు. 1585లో నగరం స్పెయిన్ వశమయ్యాక ప్రొటెస్టెంటు కంసాలులు, చెక్కుడు పనివాళ్ళు ఆమ్‌స్టర్‌డామ్‌కు, ఫ్రాంక్‌ఫర్ట్‌కు, లండన్‌కు తరలిపోయారు. సంచిలో ఉలులతో పాటు అచ్చుకాగితాలూ వెళ్ళాయి. ఫలితంగా ఇవాళ ఏ మత్స్యకన్య పతకాన్ని పట్టుకుని చూసినా, ఇది ఆంట్‌వెర్ప్‌ది, ఇది ఆగ్స్‌బర్గ్‌ది అని బల్లగుద్ది చెప్పడం కష్టం.

ఆ తరవాతి ముప్ఫై నలభై ఏళ్ళ మార్పులు త్వరగా చెప్పేసుకుందాం. బొమ్మలు తగ్గి తీగలు, చుట్టలు పెరిగాయి. 1590లలో ఆగ్స్‌బర్గ్‌లో పనిచేసిన డానియెల్ మిగ్నో పతకాన్ని పొరలు పొరలుగా ఆలోచించాడు. ఒక జల్లెడ రేకు, దాని మీద ఇంకొకటి, మీద రాళ్ళ గూళ్ళు, అన్నీ కలిపి బిగింపు. అదే కాలంలో నల్లటి నేల మీద తెల్లటి లతలు తేలే అచ్చులు ఊళ్ళేలాయి. అవి మీనా పనికి సూటిగా పనికొచ్చేవి. నలుపు ఉన్నచోట బంగారాన్ని గుంటగా తవ్వి రంగు నింపాలి, తెలుపు ఉన్నచోట బంగారాన్ని అలాగే ఉంచాలి. పారిస్‌కు నైరుతిలోని షాతోడన్ పట్నంలో జాఁ తుతాఁ 1618, 1619లలో వేసిన నమూనాల్లో ఆ లతలు బఠాణీ కాయల్లా ఉబ్బి, వరసగా గింజలతో కనబడతాయి. తుతాఁ కొంటె మనిషి. పైన గంభీరంగా నగ నమూనా వేసి, కింద ఖాళీలో వేడుక బొమ్మలు దూర్చేవాడు. ఒకదాంట్లో మీనా పనివాడు బట్టీ ముందు నిలబడి ఉంటాడు.

రాయి గెలిచింది

1663లో పారిస్ కంసాలి జిల్ లెగారె తన నమూనాల పుస్తకం వేశాడు. తెరిచి, పక్కన కొల్లార్ట్‌ను పెట్టుకుంటే రెండూ ఒకే వృత్తివాళ్ళ పనేనా అనిపిస్తుంది. జలరాక్షసులు లేరు, దేవతలు లేరు, గూళ్ళలో నిలబడ్డ వీరులు లేరు. రిబ్బన్ ముడి ఆకారంలో రొమ్ము పతకాలు, మూడేసి బొట్లు వేలాడే చెవి నగలు, ముద్రలు, ఉంగరాలు, గొలుసులు. ముందువైపు ఎక్కడ చూసినా రాళ్ళు, వాటి పక్కన రాళ్ళు. బంగారం రాయిని పట్టుకునే పంజాగా తగ్గిపోయింది. మీనా పని పోలేదు గానీ నగ వెనక్కి వెళ్ళింది. ముందు వజ్రాలు, తిప్పి చూస్తే పూలూ ఆకులూ. మన కుందనపు నగల్లోనూ వెనకవైపు మీనా ఉంటుందని తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు.

ఎందుకు మారింది? సానపట్టే విద్య పెరిగింది. కొవ్వొత్తుల వెలుగులో రాత్రి విందులు పెరిగాయి. సరుకూ పెరిగింది. ఆ సరుకు ఎక్కడిదో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. 1720లలో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా యూరప్ చేరిన వజ్రాల్లో దాదాపు అన్నీ భారతదేశానివి. వాటిలో పేరుమోసినవి గోల్కొండ రాజ్యపు గనులవి, ముఖ్యంగా కృష్ణ ఒడ్డున కొల్లూరువి. ఆ గనిలో 60 వేలమంది దాకా పనిచేస్తున్నారని ఫ్రెంచి రాళ్ళ వర్తకుడు టావెర్నియర్ రాసుకున్నాడు. అంకె సంగతి ఎలా ఉన్నా, గని చూసి వచ్చినవాడి మాట అది.

టావెర్నియర్ 1668 డిసెంబరులో తన చివరి భారత యాత్ర నుంచి తిరిగి వెళ్ళి, పద్నాలుగో లూయీకి వజ్రాలు అమ్మాడు. 1676లో వేసిన యాత్రా గ్రంథంలో, ఆ అమ్మినవాటిలో మేలైన ఇరవై వజ్రాల బొమ్మలను రాగి రేకు మీద చెక్కించి పొందుపరిచాడు. ఒక్కో రాయి ఎలా ఉందో, ఏ పక్క ఎంత మందమో కొలిచినట్టు గీయించాడు. నగ నమూనాల అచ్చుల వరసలో దీన్ని ఎవరూ చేర్చరు. నేను చేరుస్తాను. కొల్లార్ట్ కాగితం మీద కంసాలి ఊహ ఉంటే, ఈ కాగితం మీద రాయి ఒక్కటే ఉంది, కంసాలి ఊసే లేదు. 1762లో పారిస్‌లోనే పూజె అనే నగల వర్తకుడు రాళ్ళ గురించీ, వాటిని నగల్లో వాడే తీరు గురించీ పెద్ద బొమ్మల పుస్తకం వేసేనాటికి ఈ మార్పు పూర్తయిపోయింది.

కొల్లూరు రాళ్ళంటే మనకు గర్వమే. అయినా నిజం చెప్పుకోవాలి. వంకర ముత్యంలో మత్స్యపురుషుణ్ణి చూడగలిగిన కంటిని నిరుద్యోగిని చేసినవాటిలో మన కృష్ణ ఒడ్డు రాళ్ళకూ వాటా ఉంది. నాలుగు పెద్ద వజ్రాలు చేతిలో ఉన్నవాడికి ఊహతో ఏం పని?

పాత కాగితం, కొత్త దొంగలు

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్‌లో కొత్తగా డబ్బు చేసిన బ్యాంకర్లకూ పారిశ్రామికులకూ పదహారో శతాబ్దపు నగల మీద మోజు పుట్టింది. కావాలన్నవాళ్ళు ఎందరో ఉన్నారు, అసలు నగలు ఎంత తక్కువో పైన చెప్పాను. నమూనాలు మాత్రం గ్రంథాలయాల్లో భద్రంగా ఉన్నాయి. ఆ శతాబ్దంలో వాటిని పునర్ముద్రించారు కూడా. చెయ్యి తిరిగిన కంసాలికి ఇంకేం కావాలి?

రైన్‌హోల్డ్ వాస్టర్స్ జర్మనీలోని ఆఖెన్‌లో పనిచేసిన కంసాలి. అక్కడి చర్చి ఖజానాలోని పాత వస్తువులకు మరమ్మతులు చేస్తూ పాత పని లోతులు పట్టుకున్నాడు. పారిస్‌లో పురావస్తువుల వ్యాపారి ఫ్రెడెరిక్ స్పిట్జర్‌తో అతనికి లావాదేవీలుండేవి. స్పిట్జర్ సేకరణ అంటే ఆ రోజుల్లో యూరప్ అంతా నోరెళ్ళబెట్టేది. ఆయన పోయాక 1893లో దాన్ని వేలం వేశారు. వస్తువులు దేశదేశాల మ్యూజియాలకు చేరాయి. వాస్టర్స్ 1909లో మరణించాడు. అతను వేసుకున్న వెయ్యికి పైగా రంగుల నమూనాలు 1919లో లండన్ విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంకు వచ్చాయి. అరవై ఏళ్ళు వాటిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

1979లో చార్లెస్ ట్రూమన్ అనే పరిశోధకుడు ఆ నమూనాలను మ్యూజియాల్లోని ‘పదహారో శతాబ్దపు’ వస్తువుల పక్కన పెట్టి చూపించాడు. గాజుపెట్టెల్లో మెరుస్తున్న ఎన్నో నగలకూ పాత్రలకూ పుట్టుక చిత్రాలు అక్కడున్నాయి, మీనా రంగుల సూచనలతో సహా. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో గొప్ప ఇటలీ శిల్పి చెల్లీనిదని పేరుపడ్డ రోస్పిల్యోసి పానపాత్ర కూడా వాస్టర్స్ పనేనని తేలింది. అదే 1979లో ఇవొన్ హాకెన్‌బ్రోక్ పునరుజ్జీవన కాలపు నగల మీద పెద్ద గ్రంథం తెచ్చింది. ఆ తరవాత కొన్నేళ్ళకు ఆమే వాస్టర్స్ మీద సుదీర్ఘమైన పరిశోధన వ్యాసం రాసింది. 

మన దేశంతో పేరు ముడిపడిన పతకం కూడా ఈ అనుమానపు నీడలోకి వచ్చింది. 1857 నాటి గవర్నర్ జనరల్ కానింగ్ ప్రభువు భారతదేశంలో కొన్నాడని చెప్పే మత్స్యపురుషుడి పతకం, రొమ్మంతా ఒక్క వంకర ముత్యంతో, విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఫ్లోరెన్స్‌ను ఏలిన మెడిచీ వంశం మొగలు చక్రవర్తికి పంపిన కానుక అని దాని చుట్టూ కథ అల్లారు. ఇప్పుడు నిపుణులు దాన్ని పంతొమ్మిదో శతాబ్దపు పనిగానే ఎంచుతున్నారు.

నకిలీని పట్టడానికి ప్రయోగశాలలు వచ్చాయి. ఆకుపచ్చ మీనాలో క్రోమియం కనబడితే అది పంతొమ్మిదో శతాబ్దానికి ముందుది కాదు. యంత్రం మీద కోసిన మరలు కూడా గుట్టు చెప్పేస్తాయి. కానీ పాత అచ్చులు నేర్పే పరీక్ష వీటన్నిటికంటే చవకైనది. పదహారో శతాబ్దపు కంసాలి నమూనాను ఉన్నదున్నట్టు చేయడం అరుదు. చేతిలో ఉన్న ముత్యాన్ని బట్టి, గిరాకీ సంచిని బట్టి మార్చేవాడు. ఇక్కడ తోక కత్తిరించి, అక్కడ రాయి చేర్చి, హార్నిక్ గూటిలో కొల్లార్ట్ జంతువును కూర్చోబెట్టేవాడు. మక్కీకి మక్కీ దించాల్సిన అవసరం నాలుగు శతాబ్దాల నాటి పనివాడికి లేదు, సాక్ష్యం కావలసిన దొంగకు ఉంది. కాబట్టి పాత అచ్చుతో గీతకు గీత సరిపోయే పతకం ఎక్కడైనా కనబడితే, అది అసలుదనడానికి రుజువు దొరికిందని సంబరపడకండి, ముందుగా దాన్నే అనుమానించండి.

వచ్చే భాగంలో: టావెర్నియర్ అచ్చువేయించిన ఆ ఇరవై వజ్రాల్లో ఒకటి, సుమారు 115 క్యారెట్ల నీలి రాయి, కొల్లూరు గనిదని చాలామంది నమ్మేది, పారిస్‌లో ఎన్ని ముక్కలైందో, 1792లో ఎవరి చేతిలో పడిందో చూద్దాం.